రాయి చుట్టూ తిరిగిన తీగ

"ఐటీ బూమ్ రోజుల్లో మీరిక్కడ ఏం చేసేవారంకుల్?" అని మొన్న సింగపూర్ తెలుగువాళ్ళ భోజనాల దగ్గర ఒక కుర్రాడు అడిగాడు.

"ఐటీలోనే ఉండేవాణ్ణయ్యా."

"ఓ! ఏ టెక్నాలజీ అంకుల్?"

"గునపం," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నేను హాస్యానికి అనలేదు. మీరంతా మెడలో కార్డు తగిలించుకుని రాఫెల్స్ ప్లేస్ అద్దాల మేడల్లోకి వెళ్ళి కంప్యూటర్ ఆన్ చేస్తే ప్రపంచం వచ్చి ఒళ్ళో వాలేది. అది గాల్లోంచి ఊడిపడలేదు బాబూ. రోడ్డు పక్కన గాడి తవ్వి, పైపు వేసి, ఆ పైపులో వెంట్రుకంత గాజు తీగలు లాగితే వచ్చింది. ఎండలో ఆ గాడి తవ్వించినవాళ్ళలో నేనొకణ్ణి. ఇప్పుడు రిటైరై చోవా చూ కాంగ్ ఫ్లాట్‌లో మోకాళ్ళకి నూనె రాసుకుంటూ కూర్చున్నాను గానీ, ఈ ఊళ్ళో ఎక్కడ ఏ పైపు ఉందో ఇప్పటికీ కాళ్ళకి తెలుసు.

ఆ పైపుల్లో ఒకటుంది. అన్నీ తిన్నగా వెళ్తే అది మాత్రం ఒకచోట వంకర తిరుగుతుంది. ఆ వంకర కథ మీకు చెప్పాలి. ఎందుకంటే ఈ దేశంలో నాకు అన్నం పెట్టిన పని అదే, ఇంటి మనిషిని చేసిన పని కూడా అదే.

మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం ఒడ్డు. ఇక్కడికి షిప్‌యార్డు ఫిట్టర్‌గా వచ్చాను. తర్వాత కేబుల్ పైపులు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. బూమ్ వచ్చాక పని మీద పడిపోయింది. ఎక్కడ చూసినా తవ్వకమే. సూపర్‌వైజర్లు సరిపోక, మా మేనేజర్ నన్ను పిలిచి, "ఈ ఒక్క పని నువ్వు చూసుకో. టైముకి అయితే నిన్నే సూపర్‌వైజర్‌గా ఖాయం చేస్తాను" అన్నాడు. ఇక్కడ పుట్టి పెరిగిన చైనీస్ ఆయన, నాకంటే వయసులో చిన్న. మంచివాడే గానీ గడువు దగ్గరపడితే ముక్కు మీద కోపం. నాకూ అంతే అనుకోండి. అందుకే ఇద్దరికీ పడింది.

ఆ పని ఒక పాత కోర్టు భవనం ముందు. కోర్టు ఎప్పుడో ఎత్తేశారు, అందులో ఏదో ఆఫీసు నడిచేది, అయినా జనం కోర్టనే అనేవారు. ముందు పచ్చిక, పచ్చికలో ఒక పక్క పెద్ద చెట్టు, నడి మధ్యన నడుమెత్తు నల్లరాయి. రోడ్డు నుంచి భవనం మూల దాకా మేం వెయ్యాల్సిన పైపు సరిగ్గా ఆ రాయి కిందనుంచే పోవాలి. చెట్టు వేళ్ళున్న పక్క మిషన్ పెట్టకూడదు. రెండో పక్క నీళ్ళ పైపులు. కాబట్టి రాయిని క్రేన్‌తో లేపి కార్ పార్కు పక్కన పెట్టమని డ్రాయింగులో రాశారు. దానికి అనుమతి కూడా తెచ్చారు. డ్రాయింగులో దాని పేరు "తోట రాయి". ఆఫీసులో కూర్చుని గీసినవాళ్ళకి అది అందానికి పెట్టిన రాయిలా కనపడింది.

మావాళ్ళకి మాత్రం ఇంకోలా కనపడింది.

నా జట్టులో ఎక్కువమంది మా వైపు వాళ్ళే. కొబ్బరికాయ కొట్టకుండా మట్టిలో గునపం దించరు. పని మొదలుపెట్టిన రోజు పొద్దున నేను వెళ్ళేసరికి ఆ రాయికి నిలువునా పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, ముందు కర్పూరం వెలిగించి సిద్ధంగా ఉన్నారు. పచ్చికలో నిలబెట్టిన రాయి అదొక్కటే మరి. ఊరి పొలిమేరలో అమ్మవారు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. "ఎవరి దేవతో గానీ కళ ఉందన్నా" అన్నాడొకడు. నేనూ చెప్పులిప్పి దండం పెట్టుకున్నాను. పైగా, "ఈ పని సవ్యంగా అయిపోయి నా ఉద్యోగం ఖాయమైతే మళ్ళీ వచ్చి కాయ కొడతాను తల్లీ" అని మొక్కుకున్నాను కూడా.

మధ్యాహ్నానికల్లా మేనేజర్ ఫోను. "వార్ మెమోరియల్‌కి పసుపు రంగు పూసిందెవరు?"

"ఏ వార్ మెమోరియల్ బాస్?"

"మీ ముందున్న ఆ రాయి!" అని అరిచాడు. అప్పుడు నేను వెళ్ళి రాయి ముందు కూర్చుని చేత్తో పసుపు తుడిచాను. కింద అరిగిపోయిన అక్షరాలున్నాయి. ఇంగ్లీషు, చైనీస్, మలాయ్, తమిళం. ఒక్క పేరు కూడా లేదు. యుద్ధంలో పోయి, ఎక్కడ పోయారో కూడా తెలియని వాళ్ళ జ్ఞాపకార్థం అని ఒక్క మాట.

ఇక కడగడం. పసుపు బట్ట మీద పడితేనే వదలదు, రాతి సందుల్లోంచి ఏం వదుల్తుంది! మా ఎక్స్‌కవేటర్ ఆపరేటర్ ఒక చైనీస్ పెద్దాయన, అందరం అంకుల్ అనేవాళ్ళం. మాటలు తక్కువ, సిగరెట్లు ఎక్కువ. ఆయనే బట్టల సబ్బు పొడి తెచ్చి, బ్రష్ చేతికిచ్చి, మా తంటాలు చూసి కిసుక్కున నవ్వాడు. రాయి మొదట్లో ఒక పక్క నల్లటి మసి కూడా ఉంది. దాన్ని కూడా రుద్దబోతే, "దట్ వన్ లీవ్ లా" అన్నాడు, దాన్ని వదిలెయ్యమని. ఎందుకని నేనడగలేదు. మేనేజర్ ఆ భవనంలో ఆఫీసు వాళ్ళకి క్షమాపణలు చెప్పుకుని వచ్చి, రాయి జరపడానికి అనుమతి అలాగే ఉందనీ, తవ్వకం పర్మిట్ ఆఖరి రోజు పొద్దున్నే క్రేన్ వస్తుందనీ చెప్పాడు. "ఈలోగా దానికి దండం కూడా పెట్టకు" అన్నాడు.

ఆ ఆఖరి రోజు రానే వచ్చింది. సాయంత్రంలోగా పైపు పడిపోయి మట్టి కప్పెయ్యాలి. లేకపోతే పర్మిట్ మళ్ళీ మొదటికి. నా సూపర్‌వైజర్ గిరీ కూడా మొదటికే. క్రేన్ లారీ వచ్చి నిలబడింది. అవతల కాలిబాట కాంక్రీటు పగలగొట్టే మిషన్ చెవులు చిల్లులు పొడుస్తోంది. రాయి చుట్టూ మేం కట్టిన రేకుల అడ్డు మీద ఎవరో టకటకా కొడుతున్నారు.

వెళ్ళి చూస్తే ఒక పెద్దావిడ. నేత చీర, చేతిలో గొడుగు, ఇంకో చేతిలో టిఫిన్ క్యారియర్, చంకలో అరిటాకు చుట్ట. మలాయ్‌లో గడగడా ఏదో తిట్టింది. నేను వెనక్కి తిరిగి మావాళ్ళతో, "ఒరే, ఎవరో ముసలావిడరా, ఓపాలి మిషన్ ఆపండి" అన్నాను.

ఆవిడ గొడుగు దించింది. "మీరు తెలుగోలా ఏటి?"

ఆ యాస విని ఒళ్ళు ఝల్లుమంది. మా నాయనమ్మ పోయాక ఆ యాస నేను మా ఊళ్ళో కూడా వినలేదు. తీరా చూస్తే ఆవిడ మన దేశం మొహమే చూడలేదు. మలయాలో రబ్బరు తోటలో పుట్టింది, పెళ్ళి చేసుకుని సింగపూర్ వచ్చింది. ఎప్పుడో ఓడెక్కి వచ్చిన తాతల తెలుగు ఆవిడ నోట్లో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. నేను పెద్దమ్మా అన్నాను. ఆవిడ నన్ను "ఒరే" అంది. అలా కుదిరిపోయింది.

లోపలికి వచ్చి రాయిని చూసి నిలబడిపోయింది. సందుల్లో పసుపు ఇంకా కనపడుతోంది.

"ఎవుడ్రా దీనికి పసుపు రాసినోడు?"

మావాడొకడు నిజాయితీగా చెయ్యెత్తాడు. "అమ్మోరనుకున్నామమ్మా."

"అమ్మోరేట్రా! మా అన్నరా ఆడు! సచ్చిపోయిన మగోడికి పసుపూ కుంకం పెడతారేట్రా, బుద్ధి లేదా!" అని గొడుగుతో వాడి భుజం మీద ఒక్కటేసింది. తర్వాత కొంగుతో రాయి తుడుస్తూ చెప్పింది.

జపాను వాళ్ళ కాలంలో సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, రైలు దారి వేసే పనికని తోటలోంచి మనుషుల్ని లారీల్లో ఎక్కించుకుపోయారట. వాళ్ళన్నకి పదహారేళ్ళు కూడా నిండలేదు. ఈవిడ బాగా చిన్నపిల్ల. అతను మళ్ళీ రాలేదు. ఎక్కడ పోయాడో తెలీదు, ఏ రోజు పోయాడో తెలీదు. తిథి తెలియనివాళ్ళకి పెద్దల అమావాస్యే దిక్కు కదా. తల్లి ఉన్నన్నాళ్ళు తోటలో ఒక చెట్టు కింద విస్తరి పెట్టేది. పెద్దమ్మ ఇక్కడికొచ్చాక, ఈ రాయి మీద ఏం రాసుందో ఎవరో చదివి చెప్తే, "అయితే మా అన్నదే" అని తీర్మానించుకుంది. అప్పట్నుంచి ఏటా ఆ రోజు ఇక్కడికే. ఆ రోజే ఈ రోజు.

"తొందరగా కానియ్యి పెద్దమ్మా, క్రేన్ నిలబడి ఉంది," అన్నాను.

"నాదేటుంది? ఇస్తరి ఏసెత్తాను. కాకి ముట్టిందంటే ఎలిపోతాను. ఆడు తిన్నాకే నాను తినాలి."

అరిటాకు పరిచింది. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర, వాళ్ళన్నకి ఇష్టమని ఇకాన్ బిలిస్ వేపుడు. అంటే ఇక్కడి చిన్న ఎండు చేపలు. కమ్మటి వాసనకి మా అందరికీ ఆకలేసింది. పెద్దమ్మ దూరంగా జరిగి, "కా... కా..." అని పిలిచింది.

కాకి రాలేదు.

ఎలా వస్తుంది? ఆ గోలలో మనుషులే నిలబడలేకపోతున్నారు. కాంక్రీటు మిషన్ ఆపించాను. కాకి రాలేదు. ఎక్స్‌కవేటర్ కూడా ఆపమని అంకుల్‌కి సైగ చేశాను. ఎందుకని అడక్కుండా ఆపి దిగి వచ్చాడు. అయినా రాలేదు. ఆ రోజుల్లో కాకులు ఎక్కువైపోయాయని ఇక్కడ తుపాకులతో కాల్చేవారు. ఉన్న నాలుగూ వెనకాల హాకర్ సెంటర్ దగ్గర ఎంగిలి ప్లేట్ల మీద ఉంటాయి. అన్నం వాసన పట్టి ముందు మైనాలు దిగాయి. ఫుడ్ కోర్టులో టిష్యూ పేకెట్ పెట్టి మీరు బల్ల చోప్ చేస్తారే, అంటే ముందే ఆపి పెట్టుకుంటారే, అలా పెద్దమ్మ విస్తరికి గొడుగు అడ్డం పెట్టేసింది. "మైనాలు కాదు. మా అన్న నల్లగుంతాడు" అంది.

మేనేజర్ ఫోను. "రాయి లేచిందా?" "లేస్తోంది బాస్." మళ్ళీ ఫోను. "లేచిందా?" "కాకి కోసం చూస్తున్నాం బాస్" అని ఇంగ్లీషులో ఎలా చెప్పమంటారు? నసిగాను. "నేనే వస్తున్నా" అని పెట్టేశాడు.

మీలో చాలామంది ఇది చూసి ఉండరు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో తీరని కోరిక ఉందని అర్థం. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి గట్టిగా మాట ఇస్తారు. నీ పిల్ల పెళ్ళి చేస్తాం, నీ తమ్ముణ్ణి చూసుకుంటాం, అని. సరైన మాట పడగానే కాకి వాలుతుందని నమ్మకం. పెద్దమ్మ చేతులు జోడించి మొదలుపెట్టింది. "అన్నా, అమ్మని ఆకరిదాకా నానే సూసుకున్నాను గదా. నీ పేరు నా కొడుక్కి ఎట్టుకున్నాను గదా. ఇంకేటి కావాలన్నా నీకు? సెప్పన్నా."

ఆకు మీద అన్నం ఆరిపోతోంది. ఆవిడ ఎండలోనే నిలబడి ఉంది. పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కూర్చోమంటే కూర్చోదు. అప్పటికే నేను వాచీ చూసుకోవడం మానేశాను.

ఉన్నట్టుండి మావైపు తిరిగింది. "ఏటా నాను పిలిస్తే ఒచ్చేసీవోడు. ఈ ఏడే రాలేదు. ఆడి కోపం నా మీద కాదు, మీ మీద. ఏటి సెయ్యబోతన్నార్రా మీరిక్కడ?"

అందరి కళ్ళూ క్రేన్ మీదికి వెళ్ళాయి. ఆవిడా చూసింది. ఆ కొక్కేన్నీ, కింద సిద్ధంగా పెట్టిన బెల్టుల్నీ చూసింది. ఆవిడకి అర్థమైపోయింది. ఏడ్చినా బావుండేది. తిట్టినా బావుండేది. "ఇక్కడ్నుంచి కూడా లాక్కెలిపోతార్రా ఆణ్ణి?" అని మాత్రం అడిగింది, మెల్లిగా.

ఏం చెయ్యను చెప్పండి? ఉద్యోగం కావాలి. ఊళ్ళో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు నా ఖాయం కబురు కోసం చూస్తున్నారు. అదంతా ఎరిగుండే హెల్మెట్ తీసి కింద పెట్టి, రాయి ముందు నిలబడి, అందరికీ వినపడేలా అన్నాను: "అన్నా, నీ రాయి కదపనన్నా. నేనున్నంతవరకు ఎవర్నీ కదపనివ్వను."

అనేశాక ఏంట్రా నేనన్నది అనుకున్నాను.

హాకర్ సెంటర్ కప్పు మీంచి ఒక కాకి లేచింది. తిన్నగా వచ్చి ఎక్కడ వాలిందనుకున్నారు? క్రేన్ చెయ్యి మీద. అటూ ఇటూ తల తిప్పి, కిందికి దిగి, గొడుగు పక్కనుంచి నడిచి వెళ్ళి, ముందు ఒక ఎండు చేప నోట కరుచుకుంది. నా మాట విని వచ్చిందా, మిషన్లు ఆగి చాలాసేపయింది కాబట్టి వచ్చిందా? నన్నడక్కండి. పెద్దమ్మని అడగమందామంటే ఇప్పుడు ఆవిడ లేదు. మా కుర్రాళ్ళు మాత్రం ఈలలేశారు. పెద్దమ్మ నేల మీద చతికిలబడి భోరుమంది.

సరిగ్గా అప్పుడు దిగాడు మేనేజర్. ఆగిన మిషన్లు, వేలాడుతున్న కొక్కెం, అన్నం తింటున్న కాకి, ఏడుస్తున్న ముసలావిడ. ఆయన మొహం ఎర్రబడింది. "వాట్ ఈజ్ దిస్?"

నేను నోరు తెరిచేలోగా అంకుల్ ముందుకొచ్చాడు. వాళ్ళ చైనీస్ మాండలికం హొక్కియన్‌లో చెప్పడం మొదలుపెట్టాడు. అన్నాళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడగా నేను చూడలేదు. రాయి మొదట్లో ఉన్న మసిని చూపించాడు. ఏం చెప్పాడో మేనేజరే తర్వాత నాకు చెప్పాడు. అంకుల్ వాళ్ళ నాన్నని కూడా ఆ యుద్ధంలో లారీ ఎక్కించి తీసుకుపోయారట. ఎక్కడికో తెలీదు. చైనీస్ ఏడో నెలలో, అది వాళ్ళకి పెద్దల నెల, ఏటా వచ్చి ఆ రాయి దగ్గర కాగితాలు కాల్చేది ఆయనే. ఆ రాయిని లేపడానికి తవ్వే పని ఆయన చేతికే వచ్చింది. పని పని కదా అని పళ్ళ బిగువున ఊరుకున్నాడు. ఆ ముసలావిడ విస్తరి వేసి పిలవడం చూసేదాకా.

మేనేజర్ చాలాసేపు చెట్టు వేళ్ళ వైపు చూశాడు. తర్వాత నన్నడిగాడు: "కెన్ బెండ్ ఆర్ నాట్?"

"వేళ్ళ మధ్యన మిషన్ పెట్టకూడదు బాస్. చేత్తో తవ్వితే, కెన్."

"దెన్ బెండ్ లా. బట్ టుడే ఫినిష్." అని వెళ్ళి, కన్సల్టెంటుతో ఫోన్లో పోట్లాడి, అనుమతి తెచ్చుకుని వచ్చి, చొక్కా చేతులు మడిచాడు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి.

గాజు తీగ పైపు ఒక్కసారిగా మలుపు తిరిగితే ఒప్పుకోదు. దూరం నుంచే నెమ్మదిగా తిప్పుకుంటూ రావాలి. అంటే గాడి ఇంకా పొడుగు. అందరం దిగాం. అంకుల్ ఎక్స్‌కవేటర్ వదిలి పార పట్టాడు. మేనేజర్ చేతులు బొబ్బలెక్కాయి. ఒక్క పెద్ద వేరు కూడా తెగకుండా తవ్వాం. పెద్దమ్మ వెళ్ళలేదు. చెట్టు కింద కూర్చుని, "ఒరే, ఎడం పక్క ఇంకా తవ్వండ్రా" అని మాకు సూపర్‌వైజరీ చేసింది. కాకికి పెట్టగా క్యారియర్‌లో మిగిలిన అన్నం ఒక్కో ముద్ద చేసి మట్టి చేతులతో ఉన్న మా అందరి నోట్లోనూ పెట్టింది. అంకుల్‌కి కూడా. ఆయన నమిలి, "స్పైసీ, బట్ షియోక్" అన్నాడు. బ్రహ్మాండం అని దానర్థం. చీకటి పడకముందే పైపు పడింది, మట్టి కప్పాం.

నా ఉద్యోగం ఖాయమైంది. అది చిన్న సంగతి. పెద్దమ్మ ఆ రోజు వెళ్తూ వెళ్తూ, "మా అన్నకి మాటిచ్చినావు. ఇక మా ఇంటోడివే. ఆదివారం మకాన్‌కి రా" అంది. మకాన్ అంటే ఇక్కడ భోజనం. ఆ ఆదివారం నుంచి ఆవిడ పోయేదాకా ఈ ఊళ్ళో నాకు అన్నం పెట్టే ఇల్లు ఉంది. నా పెళ్ళాం పిల్లలు ఇక్కడికొచ్చి దిగితే వాళ్ళకి ఎదురొచ్చి దిష్టి తీసింది ఆవిడే. తెలియక ఒక రాయికి పసుపు రాసిన పుణ్యానికి ఇంత దక్కింది నాకు. ఎవరికి దండం పెట్టను?

ఆవిడ పోయాక అమావాస్య విస్తరి నా చేతికొచ్చింది. ఇకాన్ బిలిస్ వేపుడు మా ఆవిడ చేస్తుంది. ఏటా రాయి ముందు విస్తరి వేసి ఒకటే మాట చెప్తాను. "అన్నా, నీ రాయి ఇక్కడే ఉందన్నా." కాకి వస్తుంది.

పోయినేడాది ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడే సెంగ్‌కాంగ్‌లో పెరిగిన మన తెలుగు పిల్ల, ఇంజనీరు. పాత పైపుల పక్కన కొత్తవి వేస్తున్నారట. నా నెంబరు ఎవరో ఇచ్చారు. "అంకుల్, అక్కడ పైపు ఎందుకంత క్రూకెడ్‌గా ఉంది? మేం స్ట్రెయిట్ చేద్దామనుకుంటున్నాం. ఒక స్టోన్ ఉంది, దాన్ని షిఫ్ట్ చేసేస్తే అయిపోతుంది."

నేనున్నంతవరకు అన్నాను. నేనున్నాను గానీ, నా చేతిలో ఇప్పుడు పర్మిట్ లేదు, జట్టు లేదు, గునపం కూడా లేదు. "ఓసారి రా తల్లీ, అక్కడే మాట్లాడుకుందాం" అని అమావాస్య రోజు రమ్మన్నాను.

వచ్చింది. చేతిలో హెల్మెట్. విస్తరి పక్కన నిలబడి, మీకిప్పుడు చెప్పినదంతా విన్నది. మధ్యలో ఫోన్ మోగితే కట్ చేసింది. నేను చెప్పడం అయిపోయింది. బతిమాలడం నాకు చేతకాదు. కాకి ఇంకా రాలేదు.

ఆ పిల్ల రాయి ముందు గొంతుక్కూర్చుంది. "అంకుల్, తెలుగులోనే చెప్పాలా?"

"ఆయనకి అదే వచ్చమ్మా."

కాసేపు మాటలు వెతుక్కుంది. తర్వాత, పదహారేళ్ళు నిండకుండా వెళ్ళిపోయిన ఆ పిల్లాడితో, ఇక్కడ పెద్దవాళ్ళెవరితోనైనా మాట్లాడినట్టే చెప్పింది.

"అంకుల్, మేం కూడా చుట్టూ తిరిగే వెళ్తాం లా."

కాకి వచ్చిందో లేదో నేను తలెత్తి చూడలేదు. నా కళ్ళకి ఏమీ ఆనలేదు.